ట్రాన్స్ వాళ్ల మనసు బాగోగులు, డబ్బు సాయం, తోటివాళ్ల తోడు: హైదరాబాద్‌లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రం ఇందిరా పార్క్‌లో చెట్టు కింద కూర్చున్నప్పుడు అడిగే ప్రశ్నలే అర్ధరాత్రి వాట్సాప్ వాయిస్ నోట్‌లో కూడా వస్తుంటాయి. ఒకరికి చెప్పిన జవాబే ఇంకొకరికి మళ్లీ మొదటినుంచి చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, లాయర్ని అంతకన్నా కాదు, మందులు వాడుతూ, మావాళ్లు కలుసుకుని ఒకరికొకరు తోడుండే గ్రూప్ నడుపుతున్న ఒక ట్రాన్స్ మనిషిని, అంతే. ట్రాన్స్ అంటే పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసినదానికి భిన్నమైన జెండర్ తమది అనుకునేవాళ్లు. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటి చదువుకుని వెళ్లిపోయినా పర్లేదు.

## మొదలుపెట్టకముందు

నేను ట్రాన్స్ కావడమే మానసిక జబ్బా? అందుకేనా డాక్టర్ దగ్గరికి పొమ్మంటున్నారు?

కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల లిస్టు కొత్తది, ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, అందులో ట్రాన్స్ అవడాన్ని మానసిక జబ్బుల చాప్టర్‌లోంచి తీసేశారు. డాక్టర్ చూడాల్సింది మీ నిద్రలేమిని, దిగులుని, గుండెదడని. ఇంట్లోంచి గెంటేస్తే, రూమ్ ఓనర్ ఖాళీ చెయ్ అంటే, సిగ్నల్ దగ్గర రోజూ తిట్లు పడితే ఎవరికైనా దిగులు వస్తుంది, ఆ దిగులుకి మందు ఉంది, ట్రాన్స్ అవడానికి మందు అక్కర్లేదు.

ఎర్రగడ్డ పోతే పిచ్చిది అని ముద్ర పడదా?

మన సిటీలో చిన్నప్పటినుంచి "నిన్ను ఎర్రగడ్డ పంపిస్తా" అని తిట్టుకుని తిట్టుకుని ఆ పేరు వింటేనే భయం పెట్టుకున్నాం. అక్కడ ఉన్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, పొద్దున ఓపీకి వందల మంది వచ్చి చూపించుకుని మధ్యాహ్నానికి ఇంటికి పోతారు, ఆఫీస్ బ్యాగ్ తగిలించుకుని వచ్చేవాళ్లు కూడా ఉంటారు. నేను మొదటిసారి పోయినప్పుడు మొహానికి దుపట్టా చుట్టుకుని పోయా, లైన్లో నా ముందు మా పాత గల్లీ కిరాణా షాపాయన నిలబడి ఉన్నాడు, ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు నటించాం. అయినా అక్కడికి పోవడం ఇష్టం లేకపోతే ఉస్మానియా, గాంధీ పెద్దాసుపత్రుల్లో కూడా సైకియాట్రీ ఓపీ ఉంది, అక్కడ లైన్లో మీరు పంటి నొప్పికి వచ్చారో దేనికొచ్చారో ఎవరికీ తెలీదు.

ఇంట్లోవాళ్లు "కౌన్సెలింగ్ ఇప్పించి మామూలు మనిషిని చేద్దాం" అంటున్నారు, అట్లా మారుస్తారా?

మార్చలేరు, మారుస్తా అని డబ్బు తీసుకోవడం తప్పు కూడా. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ ఇట్లాంటి "కన్వర్షన్ థెరపీ" చేసే డాక్టర్‌ది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని అన్ని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకి రాసింది, అంటే కంప్లైంట్ ఇవ్వొచ్చు. తాయెత్తు కట్టేవాళ్లు, ఉపవాసం పెట్టి కొట్టేవాళ్లు ఆ కౌన్సిల్ కిందికి రారు, వాళ్ల దగ్గరికి బలవంతంగా తీసుకుపోతుంటే 112కి ఫోన్ చేయండి. ఇంటివాళ్లు నిజంగా తెలియక అడుగుతుంటే మాత్రం వాళ్లనీ ఒకసారి మంచి కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టండి, ఎందుకంటే కౌన్సెలింగ్ అవసరం చాలాసార్లు వాళ్లకే ఉంటుంది.

మామూలు బాధేనా, డాక్టర్‌కి చూపించాలా అని ఎట్లా తెలుస్తుంది?

రెండు వారాలు దాటి రోజూ దిగులుగా ఉండి, నిద్ర, తిండి, పని మూడూ దెబ్బతింటే చూపించుకోండి. తాగకపోతే నిద్ర పట్టని స్థితికి వస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు.

## డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు

ఎక్కడికి పోవాలి, ఎంత ఖర్చవుతుంది?

సర్కారు ఆసుపత్రిలో ఓపీ, మందులు ఉచితం. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రకారం పేదవాళ్లకి, ఇల్లు లేనివాళ్లకి తెల్ల కార్డు ఉన్నా లేకపోయినా సర్కారు మానసిక చికిత్స ఫ్రీగా ఇవ్వాలి, జెండర్ చూసి వివక్ష చూపకూడదు అని కూడా అదే సెక్షన్‌లో ఉంది. నారాయణగూడలో ట్రాన్స్ వాళ్లకోసమే ఒక క్లినిక్ ఉంది, 2021 జనవరిలో మిత్ర్ క్లినిక్ అని మొదలైంది, దేశంలో అట్లాంటిది అదే మొదటిది, అమెరికా ప్రభుత్వ సాయం ఆగిపోయి 2025 మొదట్లో మూతపడింది, తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరిచారు. మూతపడిన ఆ నెలల్లో మా గ్రూప్‌లో కొందరి మందులు మధ్యలో తెగిపోయాయి, అప్పట్నుంచి నేను అందరికీ చెప్పేది ఏంటంటే ఎంత మంచి క్లినిక్ దొరికినా ఒక సర్కారు ఆసుపత్రి ఓపీ బుక్ కూడా దగ్గర పెట్టుకోండి.

ఆధార్‌లో పాత పేరే ఉంది, లైన్లో ఆ పేరుతో పిలిస్తే నలుగురిలో తల ఎత్తుకోలేను. ఏం చేయాలి?

ఇదొక్క భయంతోనే పోనివాళ్లు ఎంతమందో. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే కౌంటర్‌లో నెమ్మదిగా "ఈ పేరు రాయండి" అని చెప్పి చూడండి, మామూలు ఓపీకి చాలాసార్లు రాస్తారు. రాయకపోతే ఇంటిపేరూ మొదటి అక్షరమూ పెట్టమనండి. అదీ కుదరకపోతే తోడు వచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడి మీ నంబర్ వచ్చినప్పుడు చెయ్యి ఊపుతారు, మీరు పక్కన బెంచీ మీద కూర్చోండి, మా గ్రూప్‌లో తోడు పోయేవాళ్ల ముఖ్యమైన పని ఇదే.

ఈ కౌన్సెలర్ మనల్ని అర్థం చేసుకుంటుందా లేదా అని డబ్బు కట్టకముందే ఎట్లా కనుక్కోవాలి?

ఫోన్లో రెండు ప్రశ్నలు అడగండి. "ఇంతకుముందు ట్రాన్స్ వాళ్లతో పని చేశారా?", "నన్ను ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతో పిలుస్తారా?" జవాబులో తడబాటు ఉంటే పర్లేదు, నేర్చుకుంటా అన్నా పర్లేదు, ఉపన్యాసం మొదలైతే ఫోన్ పెట్టేయండి. క్వియర్ అఫర్మేటివ్ కౌన్సెలింగ్ అని, అంటే మనలాంటివాళ్లని మార్చాలనుకోకుండా ఉన్నట్టే ఒప్పుకుని మాట్లాడటం నేర్పే ఒక కోర్సు ఉంది, ముంబైలోని మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ నడుపుతుంది, అది చేశారా అని కూడా అడగొచ్చు. నేను మొదట పోయిన ప్రైవేట్ కౌన్సెలర్ గంటలో నలభై నిమిషాలు నా ఆపరేషన్ గురించే అడిగింది, నేను పోయింది మా నాన్న చనిపోయిన దిగులుతో. ఫీజు వెనక్కి అడిగే ధైర్యం అప్పుడు లేదు, మీరు అడగండి.

హార్మోన్లు వాడుతున్నా, డిప్రెషన్ మందు కూడా వేసుకోవచ్చా?

చాలామంది రెండూ వాడుతున్నారు, కాకపోతే ఇద్దరు డాక్టర్లకీ రెండో మందు సంగతి తెలియాలి. దాచిపెడితే ఎక్కడ తేడా కొడుతుందో చెప్తా. మగ హార్మోన్‌ని అణచడానికి స్పైరోనోలాక్టోన్ వేసుకునేవాళ్లకి మూడ్ నిలకడ కోసం లిథియం ఇస్తే రక్తంలో లిథియం పెరిగే ప్రమాదం ఉంది. మూడ్‌కీ ఫిట్స్‌కీ ఇచ్చే కార్బమజెపైన్ ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) పనిని తగ్గిస్తుంది, మనమేమో హార్మోన్ పని చేయట్లేదని డోసు పెంచుకుంటాం. మగ హార్మోన్‌ని అణచే ఇంకో మందు సైప్రోటెరోన్ కొందరిలో దిగులుని పెంచుతుంది, అది మొదలుపెట్టాకే మనసు బాలేదంటే ఆ మాట తప్పకుండా చెప్పాలి. మెడికల్ షాపులో ఎవరో అక్క వాడే షీటు చూపించి కొనుక్కునే అలవాటు మనలో చాలామందికి ఉంది, తిట్టను, నేనూ చేశా, కానీ ఆ షీటు ఫోటో అయినా తీసి డాక్టర్‌కి చూపించండి.

అడ్మిట్ చేసుకుంటే ఇంటివాళ్లని పిలిచి వాళ్లకే అప్పజెప్తారా?

ముందే ఒక కాగితం రాసి పెట్టుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది. మానసిక ఆరోగ్య చట్టం 14వ సెక్షన్‌లో "నామినేటెడ్ రిప్రజెంటేటివ్" అని ఉంది, అంటే నాకు చేతకానప్పుడు చికిత్స విషయంలో నా తరఫున నిలబడే మనిషి. 18 ఏళ్లు దాటిన వాళ్లెవరైనా తమ ప్రతినిధిని ఇట్లా పెట్టుకోవచ్చు, ఆ మనిషికీ 18 నిండి ఉండి, సమర్థుడై, రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు, రక్తసంబంధం అక్కర్లేదు. గురువుని పెట్టుకోవచ్చు, చేలాని (శిష్యురాలిని) పెట్టుకోవచ్చు, రూమ్‌మేట్‌ని పెట్టుకోవచ్చు. స్టాంప్ పేపర్ కూడా వద్దు, తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది. హాయిగా ఉన్న రోజు కూర్చుని రాయండి, ఒక కాపీ ఆ మనిషి దగ్గర, ఒక ఫోటో ఫోన్లో. మన దగ్గర ఇంత పనికొచ్చే సెక్షన్‌ని ఇంత తక్కువమంది వాడుకోవడం చూస్తే నాకు కోపం వస్తుంది.

## డబ్బు

ట్రాన్స్‌జెండర్ ఐడీ కార్డు లేకపోతే ఏ సాయమూ రాదా?

ఓపీకి, మందులకి, హెల్ప్‌లైన్‌కి కార్డు అవసరం లేదు. సెంట్రల్ గవర్నమెంట్ స్కీములకి మాత్రం కావాలి. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కింద కలెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ అది, ట్రాన్స్‌జెండర్ నేషనల్ పోర్టల్‌లో అప్లై చేయాలి. 2020 రూల్స్‌లో 30 రోజుల్లో ఇవ్వాలని రాసుంది, వాస్తవంలో ఓపిక పట్టాలి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే రోజే పోర్టల్‌లో ఏ కాగితాలు అడుగుతున్నారో చూసుకోండి, రెండేళ్ల కింద అక్క చెప్పిన లిస్టు పట్టుకుని పోవద్దు. ఎక్కడైనా ఆగిపోతే మలక్‌పేటలో వికలాంగులు, వృద్ధులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సాధికారత శాఖ ఆఫీస్ ఉంది, అక్కడ అడగండి.

5 లక్షల ఆయుష్మాన్ కార్డుతో కౌన్సెలింగ్ ఫీజు కట్టొచ్చా?

కట్టలేరు. 2022లో కేంద్రం స్మైల్ స్కీము కింద ట్రాన్స్ వాళ్లకి ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అని ఏడాదికి 5 లక్షల కవర్ ప్రకటించారు, కానీ ఆయుష్మాన్ అయినా, మన రాష్ట్రంలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచిన ఆరోగ్యశ్రీ అయినా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొచ్చేవి. వారంవారం పోయే థెరపీకి ఇవి రావు. ఆపరేషన్ కోసం అడుగుతుంటే ఆ ఆసుపత్రి ఆ ప్యాకేజీకి ఎంప్యానెల్ అయిందా, అంటే స్కీము లిస్టులో ఉందా అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి, ఊరికే కార్డు పట్టుకుని తిరిగితే ఆటో డబ్బులు దండగ.

పెన్షన్ వస్తుందా?

ఆంధ్రలో అడ్రస్ ఉన్నవాళ్లకి ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్ పెన్షన్ ఉంది, 2024 జూలై నుంచి నెలకి 4,000. తెలంగాణలో 2023 జూలైలో హైకోర్టు నిజాం కాలం నాటి హిజ్రాల చట్టాన్ని కొట్టేస్తూ ఆ తీర్పులోనే మనల్ని ఆసరా పెన్షన్‌లో చేర్చాలని చెప్పింది. దరఖాస్తు ఇస్తే రసీదు తీసుకోండి, రసీదు లేని దరఖాస్తుకి విలువ లేదు.

మందులు ఫ్రీనే, అయినా నెలనెలా పోలేకపోతున్నా. నాదే తప్పా?

ఈ ప్రశ్నకే ఎక్కువ రాయాలనుంది. మా గ్రూప్‌లో మందులు మధ్యలో ఆపేసినవాళ్లని కూర్చోబెట్టి ఎందుకు ఆపావు అని అడిగితే మందు రేటు అన్నవాళ్లు దాదాపు లేరు. అందరూ చెప్పింది ఒకటే లెక్క: పొద్దున తొమ్మిదింటికి లైన్లో నిలబడితే మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది, ఆ పూట షాపులకి పోయి దీవించి తెచ్చుకునే సంపాదన పోయినట్టే, రూమ్ కిరాయి దగ్గరపడితే ఆ పూట వదులుకోలేరు. ఆటోకి రెండు వందలు. మధ్యలో టీ, టిఫిన్. అంటే ఫ్రీ మందుకి ఆరేడు వందల ఖర్చు. దీన్ని ఏ స్కీమూ లెక్కలోకి తీసుకోదు, డాక్టర్ కేస్ షీట్ మీద మాత్రం "సరిగా రావట్లేదు" అని రాస్తారు.

ఏం చేయొచ్చంటే, ఒకటి బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి స్కీములో ఆడవాళ్లతో పాటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి కూడా సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, తెలంగాణ అడ్రస్ ఉన్న ఐడీ చూపించాలి. కండక్టర్ మొహం ముడుచుకుంటే జీరో టికెట్ కొట్టమని గట్టిగా అడగండి. మెట్రో రైలుకి ఇది వర్తించదు, పేరు చూసి పొరబడతారు. రెండు, డాక్టర్‌తో నేరుగా "నెలకోసారి రాలేను, రెండు నెలల మందులు రాయండి" అనండి, పరిస్థితి నిలకడగా ఉంటే కొందరు రాస్తారు. మూడు, సర్కారు ఫార్మసీలో స్టాక్ లేని రోజు బయట బ్రాండ్ కొనకుండా జన ఔషధి షాపులో అదే మందు జెనెరిక్ అడగండి, రేటులో చాలా తేడా ఉంటుంది.

ఇంకో సంగతి, మన సంపాదన సీజన్‌ది. ఆషాఢం బోనాల్లో, పెళ్లిళ్లప్పుడు చేతిలో డబ్బు ఆడుతుంది, మూఢాల్లో, బోనాలూ పెళ్లిళ్లూ లేని నెలల్లో ఎవరి ఇంటికి పోయి దీవిస్తాం? మా దగ్గర మందులు తెగేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. బోనాల డబ్బులోంచి మూడు నెలల దారిఖర్చు పక్కన పెట్టుకోండి, చీర తర్వాత కొనుక్కోవచ్చు. నేను చెప్పినా వినరని తెలుసు.

మేమే ఒక పదిమంది కలిసి డబ్బు పోగేసి ఒకరికొకరం ఇచ్చుకోవాలంటే ఎట్లా నడపాలి?

చిట్టీ లాగా నడపొద్దు, అదే మొదటి మాట. చిట్టీలో కట్టలేనివాళ్లు బయటికి పోతారు, ఇక్కడ కట్టలేని స్థితిలో ఉన్నవాళ్ల కోసమే కదా డబ్బు. మేం మొదట్లో అప్పుగా ఇచ్చాం. తీసుకున్న పిల్ల తిరిగి కట్టలేక సిగ్గుపడి గ్రూప్‌కే రావడం మానేసింది, ఎనిమిది వందల కోసం ఒక మనిషిని పోగొట్టుకున్నాం. అప్పట్నుంచి ఇస్తే ఇచ్చినట్టే, వెనక్కి అడిగేది లేదు. వారానికి తలా యాభై, ఉన్నవాళ్లు వంద. దేనికిస్తాం అనేది ముందే రాసుకున్నాం: ఆసుపత్రికి దారిఖర్చు, పోయిన పూట కూలీ కింద మూడు వందలు, మందులు, ఫోన్ రీఛార్జ్. రీఛార్జ్ అంటే నవ్వుతారు, కానీ ఫోన్ కట్ అయిన మనిషి రాత్రిపూట ఎవరికి చెప్పుకుంటుంది? ఏ జబ్బు, ఏ డాక్టర్ అని అడగం, ఓపీ చీటీ మీద తేదీ చూస్తే చాలు. డబ్బు ఒకరి ఫోన్ పే‌లో ఉంటే లెక్క ఇంకొకరి నోటుబుక్కులో ఉంటుంది, నెలకోసారి అందరి ముందూ చదువుతాం, తీసుకున్నవాళ్ల పేర్లు చదవం. కిరాయి, ఆపరేషన్ లాంటి పెద్ద ఖర్చులు ఈ పోగేసిన డబ్బుతో తీరవు, ఆ మాట ఒప్పుకుంటే అందరికీ ఏడుపొస్తుంది, ఒప్పుకోకపోతే ఉన్న డబ్బు ఖాళీ అవుతుంది.

ఆన్‌లైన్‌లో విరాళాలు అడగాలంటే ఫోటో, కథ అంతా పెట్టాలా?

అక్కర్లేదు, ఒకసారి పెట్టింది ఇక వెనక్కి రాదు. ఊళ్లో చెల్లి పెళ్లి సంబంధాల టైంలో ఆ లింకే బయటికి తీస్తారు. తెలిసినవాళ్లలోనే అడగండి, ఎంత కావాలి, దేనికి, ఎప్పటికి అని మూడు లైన్లు చాలు. బాధ ఎంత ఎక్కువ చెప్తే అంత డబ్బు వస్తుందనే లెక్క మనసుకి మంచిది కాదు.

ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్ మానసిక జబ్బులకి ఇస్తుందా?

ఇవ్వాలి. 2017 చట్టం 21వ సెక్షన్‌లో ఒంటి జబ్బుకి ఎట్లాగో మనసు జబ్బుకీ అట్లాగే అని ఉంది. వెయిటింగ్ పీరియడ్ ఎంత, ఓపీ కవర్ ఉందా అనేవి పాలసీ కాగితంలో చూసుకోండి.

అమెరికాలో ట్రాన్స్ లైఫ్‌లైన్ అని ఉందంట, డబ్బు కూడా ఇస్తారంట, మనం అప్లై చేయొచ్చా?

అది అమెరికా, కెనడా వాళ్ల కోసం. 2014లో మొదలైంది, ఫోన్ ఎత్తేవాళ్లు కూడా ట్రాన్స్ వాళ్లే, ఐడీల్లో పేరు మార్చుకునే ఖర్చులకి చిన్న చిన్న గ్రాంట్లు కూడా ఇచ్చారు. మనకి డబ్బు రాదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు పిల్లలకి మాత్రం చెప్పండి, కాల్ చేసినవాళ్ల ఇష్టం లేకుండా పోలీసుల్ని పంపకపోవడం వాళ్ల పాలసీ, వీసా భయంతో నోరు మూసుకున్న పిల్లలకి అది పెద్ద ధైర్యం.

## తోటివాళ్ల తోడు

మా గురువు ఉంది, అక్కచెల్లెళ్లు ఉన్నారు, మళ్లీ వేరే గ్రూప్ ఎందుకు?

ఉన్నది వదులుకోమని ఎవరూ అనరు. జ్వరం వస్తే గంజి పోసేది, పోలీస్ స్టేషన్‌కి వచ్చేది వాళ్లే. కాకపోతే కొన్ని మాటలు గురువు ముందు చెప్పలేం, సంపాదన తగ్గిందనో, ఈ ఇల్లు వదిలి ఉద్యోగం చూసుకోవాలనుందనో, గురువు మీదే కోపం ఉందనో. పెద్దా చిన్నా లేకుండా కూర్చునే చోటు ఒకటి ఉంటే ఆ మాటలు అక్కడ పడతాయి. మా దగ్గర గురువులు కూడా వస్తారు, కానీ వాళ్ల చేలాలు రాని ఆదివారం వస్తారు, అది వాళ్లే పెట్టుకున్న పద్ధతి.

నేను ట్రాన్స్ మ్యాన్‌ని, ఆడపిల్ల అని పెంచారు కానీ నేను మగాణ్ని. హిజ్రా అక్కల గ్రూప్‌లో నాకు చోటు ఉంటుందా?

చోటు ఉంటుంది, కానీ మొదట్లో ఒంటరిగా అనిపిస్తుంది, అబద్ధం చెప్పను. ఇంట్లోంచి బయటికి రావడమే నీకు కష్టం, గేటు దాటితే ఎక్కడికి అని అడిగే ఇల్లు, పెళ్లి చేసేస్తామనే తొందర, అక్కల కష్టాలు వేరు. ఇంకో ఇద్దరు ట్రాన్స్ మెన్ దొరికేదాకా ఫోన్ గ్రూప్‌లో ఉండు తమ్ముడూ, దొరికాక మీరే వేరే రోజు కలుసుకోండి.

నేను చెప్పింది బయటికి పోతే?

పోయే అవకాశం ఉంది, మనుషులం కదా. అందుకే మొదటి రోజే అన్నీ చెప్పకండి. గ్రూప్‌లో రికార్డింగ్, స్క్రీన్‌షాట్ వద్దని రూల్ ఉందా, తప్పు చేసినవాళ్లని ఏం చేస్తారు అని అడగండి, రెండోదానికి జవాబు లేకపోతే మొదటిది ఉత్త మాట. డాక్టర్‌కి మాత్రం మీ విషయం రహస్యంగా ఉంచడం చట్టప్రకారం బాధ్యత.

## గడ్డు రాత్రి

చచ్చిపోవాలనిపిస్తుంది. ఈ రాత్రికి ఎవరికి ఫోన్ చేయాలి?

14416. టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం పెట్టింది, 24 గంటలు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. కలవకపోతే 1800-891-4416. ఎత్తినవాళ్లు "సార్" అన్నా "మేడమ్" అన్నా అడ్డం తగిలి మీ పేరు చెప్పండి, మాట కుదరకపోతే పెట్టేసి మళ్లీ చేయండి, వేరేవాళ్లు ఎత్తుతారు. అంతకన్నా ముందు ఒంటరిగా ఉండొద్దు, పక్క రూమ్ తలుపు కొట్టండి, "ఈ రాత్రి నా దగ్గర పడుకో" అంటే చాలు, కారణం తెల్లారాక చెప్పొచ్చు. ప్రమాదం అనిపించేవి ఇంట్లో ఏమున్నా వాళ్ల చేతికిచ్చి పక్కకి పెట్టించండి. ఇప్పటికే ఏమైనా చేసుకుని ఉంటే 108, ఆలోచించొద్దు.

ఫ్రెండ్ ప్రయత్నం చేసింది, ఆసుపత్రికి తీసుకుపోతే పోలీస్ కేసు అవుతుందా?

తీసుకుపోండి, ముందు ప్రాణం. ఆసుపత్రి వాళ్లు పోలీసులకి సమాచారం ఇస్తారు, వాళ్లొచ్చి నాలుగు మాటలు రాసుకుంటారు, దానికి బెదరొద్దు. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరం అనే పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. ఎమర్జెన్సీలో ఐడీ లేదని వెనక్కి పంపకూడదు. తర్వాత వారం పది రోజులు ఎవరు ఎప్పుడు ఆమె దగ్గర ఉంటారో వంతులు వేసుకోండి, ఇంటికి రాగానే అందరూ ఒక్కసారి వచ్చి ఏడ్చి వెళ్లిపోతే లాభం లేదు.

## కాస్త తేరుకున్నాక

ఇప్పుడు బాగానే ఉంది, మందులు ఆపేయొచ్చా?

బాగుంది అంటే మందు పని చేస్తుందని. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, చిరాకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి, అది చూసి జబ్బు తిరగబెట్టిందని భయపడతాం. డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించుకోండి.

అందరి బాధా నేనే వింటున్నా, ఇప్పుడు నాకే నిద్ర పట్టట్లేదు. మానేస్తే మోసం చేసినట్టా?

కాదు. వినేవాళ్లకి కూడా వినేవాళ్లు కావాలి, లేకపోతే ఏడాదిలో కూలిపోతారు, నేను రెండుసార్లు కూలిపోయా. మా గ్రూప్‌లో రాత్రి పదకొండు తర్వాత ఫోన్ ఎవరు ఎత్తాలనేది నెలకి ముందే కాగితం మీద రాసుకుంటాం, వంతు లేనివాళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని పడుకోవాలి, ఎత్తితే తిట్లు పడతాయి. ఈ నెల నా వంతు లేదు, అందుకే ఇదంతా కూర్చుని రాయగలిగా.